ఆసుపత్రిలో పడిపోతే పరిహారం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో వినియోగదారుల కమిషన్ల ముందు కేసులు వాదించడం నా పని. ఆసుపత్రి మీద కేసు అంటే ఆపరేషన్ వికటించడమే అనుకుంటారు జనం. మంచం దిగుతూ పడి తుంటి విరగ్గొట్టుకున్న అమ్మ కోసం, బాత్రూంలో జారి తలకు దెబ్బ తగిలిన నాన్న కోసం వచ్చేవాళ్లూ తక్కువేం కాదు. వాళ్లు చెప్పే మాటలు మాత్రం ఇంచుమించు ఇవే.

అపోహ: ఆసుపత్రిలో పడ్డారంటే చాలు, పరిహారం వచ్చి తీరుతుంది.

రాదు. పడిపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కింద లెక్క కాదు. మందుల మత్తేం లేకుండా, బాగా నడవగలిగే మనిషి పట్టపగలు కాలు మడతపడి పడితే నేనైతే కేసు వద్దనే చెప్తాను. పడే ప్రమాదం ఉందని ఆసుపత్రికి ముందే తెలుసా, తెలిసి ఏం చేసింది, పడ్డాక ఎంతసేపటికి డాక్టర్ వచ్చి చూశారు? కేసంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

మొదటిదానికి జవాబు ఆసుపత్రి ఫైల్లోనే దొరుకుతుంది. పెద్ద ఆసుపత్రుల్లో అడ్మిట్ అయినప్పుడే నర్సు ఫాల్ రిస్క్ ఫారం, అంటే పేషెంటు పడే ప్రమాదం ఎంతో పాయింట్లు వేసే కాగితం, నింపుతుంది. ఆ పాయింట్ల పద్ధతుల్లో ఎక్కువగా కనిపించేది మోర్స్ స్కేలు. మోకాలి ఆపరేషన్ అయిన షుగర్ పేషెంటును తీసుకోండి. రెండో జబ్బు (షుగర్) ఉన్నందుకు 15 పాయింట్లు, వాకర్‌కు 15, చేతికి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) ఉన్నందుకు 20. అక్కడికే 50. సాధారణంగా 45 దాటితే హై రిస్క్ అంటారు. అంటే ఈ మనిషి పడొచ్చని ఆసుపత్రే రాసుకుంది. మరి రాత్రి నిద్రమాత్ర ఇచ్చి, కాల్ బెల్ మంచం వెనక గోడకు వేలాడదీసి వెళ్లిపోతే ఏమనాలి?

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నామని చార్టులో నర్సులు పెట్టిన టిక్కులు చూసి భయపడకండి. ఒక ఫైల్లో పేషెంటును ఐసీయూకి మార్చేసిన తర్వాత కూడా, వార్డు చార్టులో మర్నాడు పొద్దుటిదాకా ‘సైడ్ రెయిల్స్ (మంచం పక్క కడ్డీలు) పైకే ఉన్నాయి’ అని ప్రతి గంటకీ టిక్కు పెట్టి ఉంది. మంచమే ఖాళీ! ఆ ఒక్క పేజీతో మిగతా చార్టును ఎవరూ నమ్మకుండా పోయారు.

అపోహ: అటెండెంటు పక్కనే ఉన్నారు కాబట్టి తప్పు మనదే.

ఆసుపత్రి వాళ్ల మొదటి వాదన ఇదే. ఇంట్లోవాళ్లు కూడా ‘నేను నిద్రపోయాను సార్’ అని కుమిలిపోతుంటారు. అటెండెంట్ పాస్ ఇచ్చినంత మాత్రాన నర్సింగ్ బాధ్యత మీకు బదిలీ అయిపోదు. పేషెంటును ఒంటరిగా లేవనివ్వొద్దని మీకు ఎవరైనా చెప్పారా? బెల్ కొడితే ఎవరైనా వచ్చారా? అలా చెప్పి, మీచేత సంతకం పెట్టించుకున్నాక మీరు టీకి కిందికి దిగి ఉంటే మాత్రం కేసు బలహీనపడుతుంది. ఆ సంగతి మీ లాయర్ దగ్గర దాచకండి, ఎదుటి లాయర్ నోట వింటే చాలా ఇబ్బంది.

అడ్మిషన్ కాగితంలో ‘ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు’ అన్న లైను ఉంటే ఉండనివ్వండి. ఒక్క సంతకంతో నిర్లక్ష్యం మాఫీ కాదు.

అపోహ: ఇంకో డాక్టర్ సాక్ష్యం చెప్పకపోతే కేసు నిలవదు.

2010లో వి. కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చిన విషయమిది. అది మన హైదరాబాద్ నుంచి వెళ్లిన కేసే. వినియోగదారుల కమిషన్‌లో ప్రతి కేసుకూ నిపుణుల సాక్ష్యం అక్కర్లేదు. రెయిల్ దించి ఉందా, నేల తడిగా ఉందా అన్నది చెప్పడానికి ఎంబీబీఎస్ దేనికి? పడి తలలో రక్తస్రావమైందా, స్ట్రోక్ వచ్చి పడ్డారా అన్న తగాదా వస్తే మాత్రం న్యూరాలజిస్టు అభిప్రాయం తప్పదు.

అపోహ: ముందు పోలీస్ కేసు పెట్టాలి, మెడికల్ కౌన్సిల్‌కు రాయాలి.

పరిహారానికి రెండూ అవసరం లేదు. కౌన్సిల్ చూసేది డాక్టర్ల ప్రవర్తన, అది డబ్బు ఇప్పించదు. పైగా ఇలాంటి కేసుల్లో తప్పు చాలాసార్లు వార్డు స్టాఫ్‌ది. వాళ్ల తప్పుకు జవాబుదారీ ఆసుపత్రే.

అపోహ: బిల్లు ఇన్సూరెన్స్ కట్టింది కాబట్టి మనం వినియోగదారులం కాము.

అవుతారు. 1995 నాటి వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని, కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో ఉచిత పేషెంటు కూడా వినియోగదారుడే. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ప్రభుత్వ ఆసుపత్రుల మీద మాత్రం ఈ దారి లేదు, సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి.

అపోహ: కాగితాలు వాళ్ల చేతిలో ఉన్నాయి, మనం ఏం చేయగలం?

కేసులు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం, రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటితో అడిగితే లాభం లేదు. రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి, లేదా ఈమెయిల్ పెట్టండి. డిశ్చార్జ్ సమ్మరీతో సరిపెట్టుకోకండి. నర్సింగ్ నోట్స్, మందుల చార్టు, ఫాల్ రిస్క్ ఫారం పేరుపేరునా అడగండి. వరండా సీసీటీవీ ఫుటేజీని భద్రపరచమని అదే రోజు రాసివ్వండి, ఆలస్యమైతే దాని మీద కొత్త రికార్డింగ్ ఎక్కిపోతుంది. మంచం, రెయిల్, నేల ఎలా ఉన్నాయో మీ ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

డిశ్చార్జ్ సమ్మరీలో ‘హిస్టరీ ఆఫ్ ఫాల్’ అని మూడు ముక్కలు రాసి వదిలేస్తారు. ఎక్కడ పడ్డారో, ఎప్పుడు పడ్డారో ఉండదు. ఇంట్లో పడి వచ్చినట్టు చదువుకోవచ్చు! తేదీ, టైము, వార్డు రాయమని అక్కడే పట్టుబట్టండి. వేరే ఆసుపత్రికి మారిస్తే, అక్కడి క్యాజువాలిటీ డాక్టర్‌కు ఎక్కడ పడ్డారో చెప్పి అలాగే రాయించండి.

అపోహ: లాయర్ ఫీజు, కోర్టు ఫీజు కలిసి వచ్చేదానికంటే ఎక్కువవుతాయి.

ఆసుపత్రికి కట్టిన బిల్లు 5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజే లేదు. బిల్లు 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. ఇక్కడ చూసేది మీరు కట్టిన మొత్తం, మీరు అడిగే పరిహారం కాదు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. నోటీసులతో, మాటలతో కాలక్షేపం చేసి ఆ గడువు దాటించుకోవద్దు.

పరిహారం అడిగేటప్పుడు, పడ్డాక చేయించాల్సి వచ్చిన రెండో ఆపరేషన్ బిల్లు ఒక్కటే రాయకండి. ఇంట్లో పెట్టుకున్న ఆయా జీతం, ఫిజియోథెరపీ, ఉద్యోగం మానేసి అమ్మను చూసుకున్నవాళ్లు పోగొట్టుకున్న జీతం, పడ్డ బాధ, అన్నీ రాయండి, రసీదులతో సహా. 1990లో ఆపరేషన్ తర్వాత కాళ్లు చచ్చుబడిపోయిన, హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి పేషెంటుకు 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది, భవిష్యత్తు ఖర్చులు కూడా లెక్కలోకి తీసుకుని. తుంటి విరిగిన కేసులో అంత వస్తుందనుకోకండి. లెక్క ఎలా కట్టాలో చూడ్డానికి ఆ తీర్పు పనికొస్తుంది.

అపోహ: బిల్లు మాఫీ చేస్తామన్నారంటే తప్పు ఒప్పుకున్నట్టే.

మంచి మనసుతో చేసేవాళ్లూ ఉంటారు. కానీ మాఫీతో పాటు ఒక కాగితం వస్తుంది, ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అని. డిశ్చార్జ్ టెన్షన్‌లో చదవకుండా సంతకం పెట్టేస్తారు, తర్వాత ఆసుపత్రి వాళ్లు దాన్నే కమిషన్ ముందు చూపిస్తారు. మాఫీ తీసుకోండి, ఫరవాలేదు. ఆ లైను కొట్టేయమనండి. కుదరదంటే ఒక కాపీ ఇంటికి తెచ్చుకుని, తెలిసినవాళ్లకు చూపించాకే సంతకం పెట్టండి.