మందు పేరు చివర్న రాయండి

పిల్లలూ,

మొన్న ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ కోర్సు) నాలుగో సంవత్సరం పిల్లలిద్దరు ఫోన్ చేశారు. "సార్, మందులన్నీ చదివాం, ఏది ఎలా పనిచేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాం, కానీ కేసు చేతిలో పెట్టి ఏ మందు ఇస్తారంటే మాత్రం ఏం తోచడం లేదు" అన్నారు. ఫోన్లో చెప్పడం మొదలుపెట్టాను గానీ సగంలో వాళ్ళ బస్సొచ్చేసింది. అందుకే ఇలా రాస్తున్నా. వాళ్ళిద్దరికే కాదు, వార్డుకి వెళ్ళే రోజు పొద్దున్నే కడుపులో టెన్షన్ మొదలయ్యే మీ అందరికీ.

ముందుగా ఒక మాట. ఇది మీ చదువులో లోపం కాదు, మేం నేర్పిన తీరులో ఉన్న లోపం. మా పాఠం మందు దగ్గర మొదలై జబ్బు దగ్గర ఆగిపోతుంది. పేషెంటు దగ్గరికి వెళ్ళేలోపే గంట కొట్టేస్తారు. బీఫార్మసీ వాళ్ళకి నేనూ ఏళ్ళ తరబడి అలాగే చెప్పాను. 2008లో మన దేశంలో ఫార్మ్‌డీ మొదలై, పిల్లల్ని వెంటబెట్టుకుని వార్డులు తిరగాల్సి వచ్చాక గానీ అది ఎంత పెద్ద లోటో నాకు తెలిసిరాలేదు.

ఒక కేసు చెప్తా. 72 ఏళ్ళ పెద్దావిడ. షుగరు, బీపీ ఎప్పట్నుంచో ఉన్నాయి, అరికాళ్ళ మంటలు. ఇంట్లో తూలి పడిపోతోందని కొడుకు తీసుకొచ్చాడు. చేతిలో మందుల కవరు, అందులో సగం వాడిన షీట్లు. కళ్ళు తిరుగుతున్నాయంటే అంతకుముందే ఎవరో బీటాహిస్టిన్ రాశారు, తగ్గలేదు. ఇప్పుడేం చేద్దామని పిల్లల్ని అడిగాను. ఒకమ్మాయి బీటాహిస్టిన్ డోసు పెంచుదామంది, ఇంకో అబ్బాయి కళ్ళు తిరగడానికే వాడే సిన్నరిజిన్ మేలన్నాడు, ఆ రెండింటి మీద పావుగంట వాదించుకున్నారు. బాగా చదివిన పిల్లలే, చెప్పిన పాయింట్లన్నీ కరెక్టే. కానీ ఆ పావుగంటలో ఒక్కరైనా మంచం దగ్గరికి వెళ్ళి "అమ్మా, ఇది ఎప్పట్నుంచి ఉంది?" అని అడగలేదు.

అడిగితే ఆవిడే చెప్పింది. "మంటలకి కొత్త బిళ్ళలిచ్చారు నాయనా, అవి మొదలెట్టిన కాణ్ణుంచే. పొద్దున లేస్తే ఒళ్ళంతా మత్తుగా ఉంటంది."

కవర్లోంచి ఆ షీటు బయటికి తీశాం. ప్రీగాబాలిన్ 150. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అంటే రోజుకి 300 మిల్లీగ్రాములు. నరాల మంటలకి ఆ డోసు కొత్తేం కాదు. కానీ ప్రీగాబాలిన్ లివర్‌లో దాదాపుగా మారదు, మింగింది మింగినట్టే కిడ్నీల ద్వారా బయటికి పోవాలి. ఆవిడ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) చూస్తే 1.4. "కొంచెమే ఎక్కువ సార్" అన్నారు పిల్లలు. ఆ కొంచెం ఎంతో లెక్క కట్టండి అన్నాను. కట్టాలంటే బరువు కావాలి, కేసు షీటులో బరువు రాసే గడి ఖాళీగా ఉంది. వార్డు చివర బీరువా పక్కన మిషను ఉంది, ఆ అమ్మాయే పెద్దావిడ చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకెళ్ళి ఎక్కించింది. 42 కిలోలు.

ఇప్పుడు మీరూ పెన్ను తీసుకుని కట్టండి, చదివి వదిలెయ్యొద్దు. కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లో ఇచ్చిన లెక్క ఇది, కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో (దాన్నే క్లియరెన్స్ అంటాం) చెప్తుంది. 140లోంచి వయసు తీసేస్తే 68. దాన్ని 42తో గుణిస్తే 2856. కింద 72 (ఇది ఆవిడ వయసు కాదు, లెక్కలో ఎప్పుడూ ఉండే అంకె) ఇంటూ క్రియాటినిన్ 1.4, అంటే 100.8. భాగిస్తే 28 చిల్లర. ఆడవాళ్ళకి 0.85తో గుణించాలి కాబట్టి 24. నిమిషానికి 24 మిల్లీలీటర్లు! 15 నుంచి 30 మధ్య ఉన్నవాళ్ళకి ప్రీగాబాలిన్ రోజు మొత్తానికి 150 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆవిడ దానికి రెట్టింపు మింగుతోంది. పాతికేళ్ళ కుర్రాడికి క్రియాటినిన్ 1.4 ఉండటం వేరు, కండ కరిగిపోయిన ఈ పెద్దావిడకి ఉండటం వేరు. ఆ తేడా మందు పేరులో కనపడదు, ఆ ఖాళీ గడిలో ఉంది.

పిల్లలు ఆ లెక్క కాగితం మీద వేసి డ్యూటీ డాక్టరుగారికి చూపించారు. ఆయన చూసి డోసు అంచెలంచెలుగా తగ్గించారు (ఒక్కసారిగా ఆపేస్తే నిద్ర పట్టకపోవడం, వికారం, గాభరా లాంటివి రావొచ్చు, అది మర్చిపోవద్దు), బీటాహిస్టిన్ తీసేశారు. వారం తిరిగేసరికి ఆవిడ గోడ పట్టుకోకుండా బాత్రూమ్‌కి వెళ్ళొచ్చింది. మనం కొత్తగా ఇచ్చిన మందు ఒక్కటీ లేదు. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని దాని మీద ఇంకో మందు వెయ్యడం మీరు ప్రతి వార్డులో చూస్తారు. బీపీ మందు ఆమ్లోడిపిన్‌తో పాదాలు వాస్తే నీరు తీసే ఫ్యూరోసెమైడ్, దాంతో పొటాషియం పడిపోతే పొటాషియం సిరప్పు.

అందుకని నా దగ్గరికి కేసు తెచ్చే పిల్లల్ని మొదట మందు పేరు చెప్పనివ్వను. ఈ మనిషి కష్టం ఏమిటి? మనం ఏం సాధించాలని మందు ఇస్తున్నాం, ఎన్ని రోజుల్లో, అది జరిగిందని ఎలా తెలుస్తుంది? ఇవి తేలాక మందు. ఇది నేను కనిపెట్టింది కాదు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య విద్యార్థుల కోసం తెచ్చిన చిన్న పుస్తకంలో ఉన్న పద్ధతే. మందు పనిచేస్తుందా, హాని ఎంత, ఈ మనిషికి సరిపడుతుందా, ఖర్చు ఎంత అని నాలుగు వైపుల నుంచీ తూచమంటుంది. ఈ పద్ధతి పనిచేస్తుందో లేదో ఢిల్లీ, ఖాట్మండూ, లాగోస్‌తో సహా ఏడు చోట్ల 219 మంది విద్యార్థుల మీద పరీక్షించి చూశారు, 1995లో ఫలితాలు అచ్చయ్యాయి. పాఠంలో ఉదాహరణగా చెప్పింది నొప్పుల గురించే. కానీ ఆ పద్ధతి నేర్చుకున్నవాళ్ళు తమకు చెప్పని జబ్బుల కేసులు ఇచ్చినా మిగతావాళ్ళ కంటే మెరుగ్గా చేశారు, ఆరు నెలల తర్వాత కూడా. జాబితా బట్టీ పడితే ఆ జాబితా వరకే వస్తుంది, ఆలోచించడం వస్తే తెలియని కేసుకీ పనికొస్తుంది.

సరిపడటం అన్నాను కదా, దాని మీద ఎక్కువసేపు ఆగండి. ఫిట్స్ వచ్చిన 22 ఏళ్ళ అమ్మాయి కేసులో నా స్టూడెంట్ ఒకడు వాల్‌ప్రోయేట్ రాశాడు. పనిచేసే విషయంలో దానికి వంక పెట్టలేం. కానీ ఆ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారని తల్లి పక్కనే కూర్చుని చెప్తోంది. కడుపుతో ఉండగా వాల్‌ప్రోయేట్ వాడితే వందలో పది మంది పిల్లలు ఏదో ఒక అవయవ లోపంతో పుడతారు, ముప్పై నలభై మందికి ఎదుగుదలలో, చదువులో ఇబ్బందులు వస్తాయి. లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్ లాంటివి ఉండగా ఆ వయసు అమ్మాయికి మొదటి ఎంపిక అదెలా అవుతుంది? వాడు తల్లి మాట విన్నాడు, కానీ దాన్ని మందుతో కలపలేదు.

ఖర్చు సంగతి. నెలకి మూడు షీట్లు కావాల్సినచోట ఒక్కటి కొనుక్కెళ్ళి మూడు రోజులకొకటి వేసుకునేవాళ్ళు మనూళ్ళల్లో ఉన్నారు. వాళ్ళు మీతో ఆ మాట తమంత తాముగా చెప్పరు, చిన్నతనం అనిపిస్తుంది. "పోయిన నెల ఎన్ని షీట్లు కొన్నారండీ?" అని మామూలుగా అడిగితే చెప్తారు. జెనరిక్ దొరుకుతుందా, ఊళ్ళో జన ఔషధి షాపు ఉందా అని కూడా చూసి పెట్టుకోండి.

"మందు రాసేది డాక్టరు కదా సార్, మనకెందుకు ఇదంతా?" అని అడిగేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. మన దేశంలో మందు రాసే హక్కు మనకి లేదు, నిజమే. బ్రిటన్లో 2006 నుంచి ప్రత్యేక శిక్షణ పొందిన ఫార్మసిస్టులు సొంతంగా మందులు రాస్తున్నారు, మీలో కొందరు అక్కడికే వెళ్తారు కూడా. కానీ ఆ పెద్దావిడ విషయంలో ఎవరు రాస్తారన్నది అడ్డం కాలేదు కదా. అంత రద్దీలో డాక్టరుగారికి కూర్చుని లెక్క వేసే తీరిక లేదు, మనకి ఉంది. కాగితం చూపిస్తే ఆయన కాదనలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం తప్పు పట్టడానికి వెళ్ళినట్టు వెళ్ళకండి. "సార్, బరువు చూశాం, క్లియరెన్స్ ఇంత వచ్చింది, డోసు ఒకసారి చూస్తారా" అంటే చాలు.

ఈ నెలలో మీరు చూసిన కేసుల్లో ఒకటి నాకు రాసి పంపండి. మనిషి పేరు, ఊరు వద్దు. వయసు, బరువు, ఇంట్లో వంట చేసేది ఎవరు, మందులు గుర్తుచేసేది ఎవరు, ఆయనకి లేదా ఆవిడకి అన్నిటికంటే ఇబ్బందిగా ఉన్నది ఏమిటో వాళ్ళ మాటల్లోనే రాయండి. మందు పేరు చివర్న రాయండి. బరువు చూడకుండా పంపితే మాత్రం చదవకుండా వెనక్కి పంపుతాను.

మీ
సార్