చిలుము మురికి కాదు, చింతపండు పక్కన పెట్టండి

పునాది తవ్వుతుంటే పాత కత్తి దొరికిందని ఫోన్ వస్తుంది. ఆ వెంటనే "తోమి పెట్టాం సార్, తళతళా మెరిసిపోతోంది" అంటారు. ఈ నెలలో ఇది మూడోసారి. పాత లోహ వస్తువులను కాపాడే పనిలో ఉన్నవాణ్ణి, ఆ మాట వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: రాగి, కంచు వస్తువుల మీద పచ్చగా పట్టిన చిలుము మురికి, తోమితే విలువ పెరుగుతుంది.

వాస్తవం: ఆ పచ్చదనం లోహంలోంచి పుట్టిందే. కంసాలి సుత్తి దెబ్బలు, అంచు నూరిన గీతలు, ఒర లోపలి గుడ్డ అచ్చు చాలాసార్లు ఆ పొరలోనే నిలిచి ఉంటాయి. చింతపండు పులుపు తగిలిందా, కరిగిపోతాయి. ఒకసారి ఒక పెద్దావిడ బాకు తెచ్చారు, చింతపండూ ఇటుకపొడీ వేసి తోమేశారు. పిడి బిగించే మేకు పక్కన, పీచు దూరని సందులో మాత్రం గోరంత కర్ర నార పచ్చబడి మిగిలింది. రాగి లవణాలు కర్రను కుళ్లనివ్వవు, అందుకే అన్నేళ్లు నిలిచింది. మిగతాదంతా తూములో పోయింది. నేను చెప్పగానే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడ తప్పేముంది, ఇంట్లో రాగి చెంబు తోమేదీ అలాగే కదా!

లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం అది జబ్బే, క్లోరైడూ తేమా కలిసి లోహాన్ని తినేస్తున్నట్టు. అప్పుడూ కడగొద్దు, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టి నిపుణులకు చూపించండి.

కంచు మెత్తనిది కాబట్టే ఇనుము గెలిచిందనేది ఇంకో అపోహ. రాగిలో పదో వంతు తగరం కలిపి పోతపోసి, అంచును చల్లగా ఉండగానే సుత్తితో కొట్టి, పగుళ్లు రాకముందే మళ్లీ కాల్చి, మళ్లీ కొడితే వచ్చే గట్టిదనం మామూలు చేత ఇనుముకు లేదు. కాకపోతే తగరం దొరికే చోట్లు తక్కువ, ఇనుప రాయి చాలాచోట్ల ఉంది. పాతవన్నీ కంచువీ కావు, రాయచూరు జిల్లా కల్లూరులో దొరికిన కత్తులు రాగివి. చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర దొరికిన మట్టి బొమ్మల సైన్యం ఆయుధాలకు క్రోమ్ పూత పూశారన్నదీ నిలవలేదు, ఆ క్రోమియం పక్కనున్న లాకర్ అనే చెట్టు జిగురు పూత నుంచి వచ్చిందని 2019లో తేల్చారు. పాత రాగి వస్తువు బియ్యం గింజల్ని లాగుతుందని, "రైస్ పుల్లింగ్" అంటూ తిరిగేవాళ్లది పచ్చి మోసం, ఒక్క రూపాయి ఇవ్వకండి.

పోలీసులంటే టెన్షన్ పడి దాచేవాళ్లే ఎక్కువ, ఆ భయం నాకు తెలుసు. దొరకడం నేరం కాదు, దాచడమే నేరం. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. నిన్న ఫోన్ చేసిన అబ్బాయి ఇంకా తోమలేదట. మట్టి కూడా దులపొద్దని, దొరికిన చోటు ఫోటో తీసి పెట్టమని చెప్పాను.