జులై 4: ఒకే తేదీ, బోలెడన్ని అపోహలు

పన్నెండేళ్లుగా 'చరిత్రలో ఈరోజు' శీర్షిక రాస్తున్నాను. జులై 4 దగ్గర పడుతోందంటే నాకు టెన్షన్. ఆ తేదీ మీద వాట్సాప్‌లో తిరిగినన్ని తప్పులు ఇంకే తేదీ మీదా తిరగవు.

అపోహ: అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద 1776 జులై 4న అందరూ సంతకాలు పెట్టారు.

వాస్తవం: బ్రిటన్‌తో తెగతెంపులకు కాంగ్రెస్ (అమెరికా వలసల ప్రతినిధుల సభ) ఓటేసింది జులై 2న. 4న ఆమోదించింది ప్రకటన పాఠాన్ని. ఎక్కువమంది సంతకాలు చేసింది ఆగస్టు 2న. రాబోయే తరాలు జులై 2నే పండగ చేసుకుంటాయని ఆ సభలోని నాయకుడు, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ తన భార్యకు ఉత్తరం కూడా రాశాడు. కానీ ప్రకటన మీద ఉన్న తేదీ 4 కాబట్టి అదే నిలిచిపోయింది. మొదటి ఏడాది నేనూ 'సంతకాలు చేసిన రోజు' అనే రాసేశాను. పొద్దున్నే ఓ రిటైర్డ్ హిస్టరీ మాస్టారు ఫోన్ చేసి, "ఓటు వేరు, ఆమోదం వేరు, సంతకం వేరు. నువ్వు రాసింది ఏదో చూసుకో నాయనా" అన్నారు. అప్పటి నుంచి డైరీలో ప్రతి తేదీ పక్కనా ముందు క్రియే రాసుకుంటాను: పుట్టారు, ఓటేశారు, ఆమోదించారు, అమల్లోకి వచ్చింది. మన రాజ్యాంగానికీ ఇది కావాలి, ఆమోదం 1949 నవంబరు 26న, అమలు 1950 జనవరి 26న.

అపోహ: ఇంతమంది గొప్పవాళ్లు ఒకే తేదీకి చేరారంటే ఆ తేదీకి ఏదో మహిమ ఉంది.

వాస్తవం: చేరిన మాట నిజమే. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టింది, 1902లో వివేకానందుడు బేలూరు మఠంలో కన్నుమూసింది, 1963లో పింగళి వెంకయ్య పోయింది, అన్నీ జులై 4నే. ఆడమ్స్, ఆ ప్రకటన రాసిన జెఫర్సన్ ఇద్దరూ 1826లో, ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున, కొన్ని గంటల తేడాతో చనిపోయారు. ఎన్నిసార్లు చదివినా ఒళ్లు జలదరిస్తుంది. అయినా ఏడాదికి ఉన్నవి 366 తేదీలే, వందల ఏళ్ల చరిత్రంతా వాటిలోనే సర్దుకోవాలి. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వాళ్లలో ఏ ఇద్దరి పుట్టినరోజైనా కలిసే అవకాశం సగం కన్నా ఎక్కువ.

అపోహ: తేదీ ఒకటైతే రోజు కూడా ఒకటే.

వాస్తవం: 1616 నాటికి స్పెయిన్‌లో ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్, ఇంగ్లండ్‌లో ఇంకా పాత జూలియన్ క్యాలెండర్. రెండింటికీ 10 రోజుల తేడా. అందుకే ఇంగ్లండ్‌లో షేక్‌స్పియర్, స్పెయిన్‌లో రచయిత సెర్వాంటెస్ ఆ ఏడాది ఏప్రిల్ 23న ఒకే రోజు పోయారనేది కుదరదు. మనకు తిథులు కూడా ఉన్నాయి: వివేకానంద జయంతి అందరికీ జనవరి 12, రామకృష్ణ మఠంలో మాత్రం పుష్య బహుళ సప్తమి.

అపోహ: సర్టిఫికెట్‌లో ఉన్నదే అసలు పుట్టినతేదీ.

వాస్తవం: మన పెద్దవాళ్లలో ఎంతమందికి జులై 1 పుట్టినరోజో ఒకసారి చూడండి. బళ్లో వేసినప్పుడు హెడ్‌మాస్టారు రాసిన తేదీ అది. మా నాన్నగారిదీ అంతే. "దీపావళి వెళ్లిన మూడోనాడు, దూడ పుట్టిన రోజే" అని మా నానమ్మ చెప్పేది. ఆ ఏటి పాత పంచాంగం తిరగేస్తే నవంబరు తేలింది.