పండగ రోజు పెట్టిన గుడ్డు

చిన్నీ, బుజ్జీ,

న్యూజెర్సీలో మీ స్నేహితురాలి ఇంటికి పస్కా పండగ భోజనానికి వెళ్లి మీరు వాట్సాప్‌లో పంపిన ఫొటోని పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. పళ్ళెంలో ఒక కాల్చిన ఎముక, ఏవో ఆకులు, చేదు దుంప తురుము, ఆపిల్ ముద్దలాంటిది, వాటి పక్కన ఒక గుడ్డు. ఆ గుడ్డు ఒక పక్కంతా గోధుమ రంగుకి తిరిగి, పెంకు మీద మంట తగిలిన నల్లటి మచ్చ ఉంది. "అమ్మమ్మా, దాన్ని ఎవ్వరూ తినలేదు, మాకు వేరే గుడ్లు ఉప్పునీళ్లలో వేసి పెట్టారు, ఎందుకలా?" అని అడిగారు కదా. ఫోన్‌లో చెప్తే రెండు ముక్కల్లో తేలిపోతుంది, అందుకని కూర్చుని రాస్తున్నాను.

పస్కా అంటే ఈజిప్టు బానిసత్వం నుంచి విడుదలైన సంగతిని యూదులు తలుచుకునే పండగ. జెరూసలేంలో వాళ్ల దేవాలయం ఉన్న రోజుల్లో పస్కాకి గొర్రెపిల్లని బలి ఇచ్చేవారు, దాంతోపాటు పండగ బలి అని ఇంకొకటి కూడా ఉండేది. క్రీ.శ. 70లో రోమన్లు ఆ గుడిని కూల్చేశాక బలులు ఆగిపోయాయి. మరి ఆ రాత్రి వాటిని ఎలా తలుచుకోవాలి? భోజనాల బల్ల మీద వండినవి రెండు ఉండాలి అని తల్మూద్‌లో ఉంది. తల్మూద్ అంటే వాళ్ల గురువులు తరతరాలుగా చేసిన చర్చలన్నీ కూర్చిన మహాగ్రంథం. ఏ రెండు అన్నదాని మీద అక్కడే తలో మాట. ఒకాయన రెండు రకాల మాంసం అన్నారు, ఇంకొకాయన బీట్ దుంపా అన్నమూ అయినా చాలన్నారు. తర్వాతి కాలంలో ఎముక గొర్రెపిల్లకి గుర్తుగా, గుడ్డు పండగ బలికి గుర్తుగా స్థిరపడ్డాయి. గుడ్డే ఎందుకంటే, అరమెయిక్ అనే పాత భాషలో గుడ్డుని 'బేయా' అంటారు, ఆ మాటకి 'కోరుకున్నాడు' అనే మాటతో పోలిక ఉంది. ఎముక చాచిన చెయ్యికి గుర్తు కాబట్టి, దేవుడు చెయ్యి చాచి మమ్మల్ని విడిపించాలని కోరుకున్నాడు అని, ఎముకనీ గుడ్డునీ కలిపి ఒక వాక్యంలా చదువుకుంటారన్నమాట.

ఇక మీరు ఉప్పునీళ్లలో తిన్న గుడ్ల సంగతి వేరు. యూదుల ఇళ్లలో ఎవరైనా పోతే, పాతిపెట్టి వచ్చాక మొదటి భోజనం సొంత ఇంట్లోది తినకూడదు, ఇరుగుపొరుగు తెచ్చిపెట్టాలి. అందులో గుడ్లు, పప్పు గింజలు ఉంటాయి. రెండూ గుండ్రంగా ఉంటాయి కాబట్టి, దుఃఖం చక్రంలా ఒకరి ఇంటి తర్వాత ఒకరి ఇంటికి వస్తుందని చెప్పడానికట. నోరు లేని గింజలా ఏడ్చేవాళ్లకి కూడా మాట రాదు అని కూడా అంటారు. మన వైపు కూడా చావింట్లో పొయ్యి వెలిగించకపోతే పక్కింటివాళ్లే వండి తెస్తారు కదా, అందుకని ఇది చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు, గొంతు పట్టేసింది.

మరి విడుదలైన పండగ నాడు ఈ దుఃఖపు తిండి ఎందుకు? 16వ శతాబ్దంలో పోలండ్‌లోని క్రాకోవ్‌లో మోషే ఇస్సెర్లెస్ అనే గురువు దీనికి కారణం రాసిపెట్టారు. గుడి కూలినందుకు ఉపవాసం ఉండే ఆబ్ నెల తొమ్మిదో తేదీ, పస్కా మొదటి రోజు, ఏ ఏడాదైనా వారంలో ఒకే రోజున వస్తాయి. కావాలంటే క్యాలెండర్ తీసి చూడండి, 2024లో రెండూ మంగళవారమే. ఆ ఉపవాసానికి ముందు చివరి ముద్ద కూడా నేల మీద కూర్చుని, గుడ్డుని బూడిదలో అద్దుకుని తినే ఆచారం ఉంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతికి వస్తాను. తల్మూద్‌లో ఒక భాగానికి పేరే 'బేత్సా', అంటే హీబ్రూలో గుడ్డు. పండగ రోజు చేయదగినవీ చేయకూడనివీ చెప్పే భాగం అది, అయినా మొదటి మాట గుడ్డు కాబట్టి అదే పేరు పడింది. మొదటి వాక్యం ఇలా ఉంటుంది: పండగ రోజు కోడి పెట్టిన గుడ్డు తినొచ్చు అంటారు షమ్మాయి శిష్యులు, తినకూడదు అంటారు హిల్లేల్ శిష్యులు. షమ్మాయి, హిల్లేల్ పాతకాలపు ఇద్దరు పెద్ద గురువులు. మామూలుగా షమ్మాయి వాళ్లు గట్టిగా పట్టుబడతారు, హిల్లేల్ వాళ్లు మెత్తగా ఉంటారు. ఇక్కడ తిరగబడింది.

సబ్బాతు, అంటే వారం వారం పని మానేసే శనివారం నాడు పొయ్యి ముట్టుకోరు గానీ పండగ రోజు ఆ పూటకి వండుకోవచ్చు. మరి గుడ్డు చేసిన తప్పేంటి? రబ్బా అనే గురువు చెప్పిన కారణం చూడండి. ఈరోజు పెట్టిన గుడ్డు నిన్నే తయారైపోయింది అన్నారాయన. పండగ ఆదివారం వచ్చిందనుకోండి, ఆ గుడ్డు శనివారం, అంటే సబ్బాతు నాడు తయారైనట్టు. మామూలు రోజు సబ్బాతుకి కావలసినవి సిద్ధం చేయాలి, మామూలు రోజే పండగకీ సిద్ధం చేయాలి, అంతేగానీ సబ్బాతు పండగకి పని చేసిపెట్టకూడదు, పండగ సబ్బాతుకి చేసిపెట్టకూడదు. ఎవరూ వేలు కదపకపోయినా, కోడి కడుపులో దానంతట అది జరిగిన తయారీ అయినా సరే. అలాంటి ఆదివారం ఒకటి ఉంది కాబట్టి పొరపాటు పడకుండా పండగలన్నిటికీ అదే నియమం పెట్టారు. కోడి కడుపులో పెంకు కట్టడానికే దాదాపు 20 గంటలు పడుతుంది. మన దొడ్లో గంప ఎత్తి పెట్టని పక్కకి జరిపి, ఇంకా తడి ఆరని వెచ్చటి గుడ్డుని అరచేతిలోకి తీసుకున్నప్పుడు మీకు అది అప్పుడే పుట్టినట్టు అనిపించింది కదా, నిజానికి అది నిన్నటిదే.

రవ్ నహ్మాన్ అనే ఇంకో గురువు అసలు గొడవ కోడిదే అన్నారు. కోసుకు తినడానికి ఉంచిన కోడి అయితే దాని గుడ్డు కూడా తిండే, ఎవరికీ అభ్యంతరం లేదు. గుడ్ల కోసం పెంచుకునే కోడి అయితే ఆ రోజు దాన్ని తిండి అని ఎవరూ అనుకోలేదు, కాబట్టి గుడ్డు కూడా పక్కన పెట్టిన వస్తువే. మిగిలినవాళ్లు చెప్పినవి ఇంకా ఉన్నాయి, వదిలేస్తున్నాను.

హిల్లేల్ వాళ్ల మాటే నిలిచింది. ఆ గుడ్డుని ఏం చేయాలో కూడా రాసిపెట్టారు. చేత్తో కదపకూడదు, మంచం కోడు కింద ఎత్తుకి పెట్టడానికి కూడా వాడకూడదు, కానీ పగలకుండా దాని మీద ఒక గిన్నె బోర్లించొచ్చు. నాకు ఈ గిన్నె దగ్గర మనసు ఆగిపోతుంది. తినకూడదు అన్నారు గానీ పారేయమనలేదు, చీకటి పడి పండగ అయిపోయేదాకా ఎవరి కాలూ తగలకుండా కాపాడమన్నారు. పొరపాటున అది వెయ్యి గుడ్లలో కలిసిపోతే ఆ వెయ్యీ ఆగాలి. వేరే విషయాల్లో నిషిద్ధమైనది కొంచెం ఎక్కువ వాటిలో కలిసిపోతే లెక్కలోంచి పోతుంది గానీ, దీనికి అలా కుదరదు. కాసేపు ఆగితే హాయిగా తినగలిగిన దానికి అడ్డదారి ఎందుకు అని.

కొలత సంగతి కూడా ఒక మాట. వాళ్లకి గుడ్డు ఒక కొలత, మనకి సోల, తవ్వ ఉన్నట్టు. రొట్టె పిండి 43 గుడ్లూ, ఇంకో గుడ్డులో అయిదో వంతూ పట్టేంత ఉంటే అందులోంచి కొంత దేవుడి పేరున తీసి పక్కన పెట్టాలి. 18వ శతాబ్దంలో ప్రాగ్ నగరపు గురువు యెహెజ్కేల్ లాందౌ బొటనవేలి వెడల్పుతో లెక్కగట్టి చూస్తే రెండు కొలతలూ కలవలేదు, పాతకాలంతో పోలిస్తే ఇప్పటి గుడ్లు సగానికి తగ్గాయి అని తేల్చారు. ఆ తేడా ఇప్పటికీ ఉంది, గుడ్డంటే 57.6 మిల్లీలీటర్లు అని కొందరు, 100 దాకా అని కొందరు లెక్క వేసుకుంటారు.

బుజ్జీ, ఇది నీకోసం. నీకు బాసరలో పలక మీద బియ్యంలో అక్షరాలు దిద్దించాం గుర్తుందా? సుమారు 800 ఏళ్ల కిందట జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న వార్మ్స్ ఊళ్లో ఎలియాజర్ అనే గురువు వాళ్ల అక్షరాభ్యాసం గురించి రాశారు. షవూఓత్ అనే యూదుల పండగ నాడు పిల్లాడిని బట్టలో చుట్టి గురువు ఒడిలో కూర్చోబెట్టేవారు. పలక మీద హీబ్రూ అక్షరాలు, వాటి మీద తేనె. చదివించాక నాలుకతో నాకమనేవారు. ఉడికించిన గుడ్డు మీద కూడా లేఖనాలు రాసి, గురువు ఒక్కో మాట చదివితే పిల్లాడు వెనకే పలికి, చివరికి ఆ గుడ్డు తినేవాడు.

మన తెనాలికి దగ్గర్లోనే, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే కుటుంబాలు సబ్బాతు, పస్కా పాటిస్తాయి. సెలవులకి వస్తే వెళ్దాం.

స్పెయిన్ నుంచి 1492లో వెళ్లగొట్టబడిన యూదులు టర్కీ, గ్రీసు దేశాలకి పట్టుకెళ్లిన ఒక పద్ధతి ఉంది, గుడ్లని ఉల్లిపొట్టుతో కలిపి సన్నసెగ మీద రాత్రంతా ఉంచుతారు. నిన్న నేను నాలుగు గుడ్లు అలా పెట్టాను. పొద్దున్నకి పెంకు ఇటుక రంగుకి వచ్చింది, లోపల తెల్లసొన కూడా లేత గోధుమరంగు పట్టింది, రుచి కాస్త కమ్మగా ఉంది. మీ స్నేహితురాలి నాయనమ్మగారు పళ్ళెంలో గుడ్డుని మంట మీద కాల్చారో ఓవెన్‌లో పెట్టారో అడిగి చెప్పండి, ఆ మచ్చ చూస్తే నాకు మంటే అనిపిస్తోంది.

మీ అమ్మమ్మ