క్యారవాన్ ఆనింగ్ మార్పిడి: అపోహలు - వాస్తవాలు

మేడారం జాతరకో, లక్నవరం గట్టుకో క్యారవాన్‌లో వెళ్లేవాళ్లకు ఆనింగే ముంగిట పందిరి: బండి పక్క గోడకు బిగించిన రోలర్ పైపుకు చుట్టుకునే గుడ్డ, దాన్ని చాచి పట్టే రెండు కడ్డీలు (ఆర్మ్‌లు). గుడ్డ చిరిగి మార్చాల్సి వచ్చినప్పుడు తలా ఒక సలహా ఇస్తారు. వాటిలో మొదటిది వింటే ఎముకలు విరుగుతాయి.

అపోహ: ఆర్మ్‌ల బోల్టులు విప్పితే రోలర్ కిందికి వచ్చేస్తుంది.
స్ప్రింగుతో చుట్టుకునే రకంలో రోలర్ పైపు రెండు కొనల్లోనూ మెలితిరిగిన స్ప్రింగులుంటాయి. మూసి ఉన్నా వాటిలో బిగువు పోదు. బోల్టు వదులైన క్షణమే ఆర్మ్ గిర్రున తిరిగి కొడుతుంది. అందుకే ఆనింగ్‌ను కొద్దిగా తెరిచి, రెండు వైపులా ఎండ్ క్యాప్ రంధ్రంలో గట్టి పిన్ను దూర్చాకే బోల్టు ముట్టుకోవాలి. తర్వాత స్ప్రింగు షాఫ్టును (ఇరుసును) గ్రిప్ ప్లయర్‌తో (బిగించి పట్టే పట్టుకారుతో) పట్టుకుని నెమ్మదిగా వదులుతూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి బండి గోడమీదే రాసుకోండి. బిగించేటప్పుడు అన్నే చుట్లు. ఎడమ, కుడి స్ప్రింగులు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, కాబట్టి విప్పగానే గుర్తులు పెట్టండి. మోటారు రకంలో ఆర్మ్‌లను గ్యాస్ స్ట్రట్‌లు (గ్యాస్ ఒత్తిడితో చాచుకునే కడ్డీలు) బయటికి నెడతాయి. వాటిని ముందే తాడుతో కట్టేయాలి.

అపోహ: తాటిపత్రి కుట్టించి వేసుకుంటే చాలు.
ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మీద కప్పడానికి అది బాగానే ఉంటుంది. ఇక్కడ మాత్రం చుట్ట లావై, బరువు పెరిగి స్ప్రింగు లాగలేదు. అంచులో కుట్టే తాడు కూడా రోలర్ గాడి లావుకు సరిపోవాలి. ఇంకో చిక్కు కొలతలో ఉంది: ఆనింగ్ సైజు అంటే ఒక ఆర్మ్ మధ్య నుంచి రెండో ఆర్మ్ మధ్య వరకు. గుడ్డ అంతకంటే కొన్ని అంగుళాలు తక్కువే ఉంటుంది. ఆర్డరిచ్చేటప్పుడు ఏ కొలత చెబుతున్నారో తేల్చుకోండి.

గాడిలోకి గుడ్డ లాగడానికి ముగ్గురు కావాలి. గాడి నోటిని ఆకురాయితో నున్నగా అరగదీసి, సిలికాన్ స్ప్రే కొట్టండి. లేదంటే కొత్త గుడ్డ అక్కడే చీరుతుంది.

అపోహ: స్క్రూ రంధ్రాలకు సిలికాన్ సీలెంట్ పూస్తే బండిలోకి నీళ్లు రావు.
సిలికాన్ సీలెంట్ పొర మిగిలిన చోట మళ్లీ ఏదీ సరిగా అంటదు. పాతదంతా గీకి, ఆనింగ్‌ను గోడకు పట్టే రైలు (పట్టీ) వెనక బ్యూటైల్ టేపు (మెత్తని జిగురు రబ్బరు పట్టీ), స్క్రూ తలల మీద, పై అంచున పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ వేయండి. కింది అంచు మూయొద్దు, లోపలికి దిగిన నీరు బయటికి పోవాలి. ఎస్సెస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) స్క్రూలు బండి బాడీ లోపలి చట్రపు స్క్వేర్ పైపులోకే దిగాలి. రేకుకు మాత్రమే బిగిస్తే పట్టు ఉండదు.

అపోహ: తాళ్లు కట్టి ఉంటే వానకు, గాలికి ఆగుతుంది.
4 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు గుడ్డ మీద 1 సెంటీమీటరు నీరు నిలిస్తే 100 కిలోలు. ఒక ఆర్మ్ కిందికి దించి వాలు ఇవ్వాల్సిందే. ఎండాకాలపు గాలిదుమారం గుడ్డను కిందినుంచి లేపి బ్రాకెట్లనే పెకిలిస్తుంది. మబ్బు నల్లబడగానే చుట్టేయండి. తడిగా చుట్టారా, మర్నాడు ఎండ రాగానే విప్పి ఆరబెట్టండి, లేకుంటే బూజు పడుతుంది.