బోర్డో పీపాలు, బినామీ జెండాలు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ హోరాహోరీగా యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఇంగ్లీషు వర్తకుల ఓడలు పరాయి జెండా ఎగరేసుకుని ఫ్రాన్సు రేవులకు వెళ్లి వైన్ ఎలా తెచ్చుకోగలిగాయని, వాటిని ఎవరూ పట్టుకోలేదా అని మీరు అడిగారు. చాలా ఓడలు పట్టుబడ్డాయి. అంతకన్నా ఎక్కువ ఓడలు తప్పించుకున్నాయి. పట్టుకోవలసినవాళ్లకే ఆ సరుకు కావలసి రావడమే అందుకు ముఖ్యకారణమని నేను అనుకుంటాను.

ఫ్రాన్సు నైరుతి మూలనున్న బోర్డో నగరం 1152లో ఒక రాజవివాహం వల్ల ఇంగ్లండు రాజవంశం చేతికి వచ్చి, 1453 దాకా వారి ఏలుబడిలోనే ఉంది. ఆ మూడు వందల ఏళ్లలో అక్కడి ఎర్ర వైన్ లండన్ సంపన్నుల భోజనంలో భాగమైపోయింది. నగరం చేజారినా అలవాటు పోలేదు.

ఇంగ్లండు పార్లమెంటు 1678లో ఫ్రెంచి సరుకును నిషేధించింది. 1685లో ఆ నిషేధం తొలగింది కానీ, 1689లో యుద్ధం రావడంతో మళ్లీ మొదలైంది. మొదటి నిషేధం ఉన్నన్నాళ్లూ లండన్ సుంకపు లెక్కల్లో పోర్చుగీసు వైన్ దిగుమతి విపరీతంగా పెరిగింది, నిషేధం తీసేయగానే పడిపోయింది. పోర్చుగల్ తోటలు ఏడేళ్లపాటు విరగకాసి ఆ వెంటనే ఎండిపోలేదు కదా! పీపాల్లో ఉన్నది ఫ్రెంచి వైన్, కాగితాల మీద ఉన్నది పోర్చుగల్ పేరు. 1703లో ఇంగ్లండుకూ పోర్చుగల్‌కూ మధ్య కుదిరిన మెథుయెన్ ఒప్పందం ప్రకారం పోర్చుగీసు వైన్ మీద సుంకం ఫ్రెంచి వైన్ కన్నా మూడోవంతు తక్కువ కావడంతో ఆ పేరు వాడుకుంటే లాభం కూడా వచ్చేది. 1702లో ఫ్రాన్సుతో మళ్లీ మొదలైన మరో యుద్ధకాలంలో, 1705 నుంచి, శత్రు ఓడల నుంచి స్వాధీనం చేసుకున్న వైన్ అంటూ బోర్డోలోని మేలురకాల పీపాలను వేలం వేస్తున్నట్లు ప్రభుత్వ పత్రిక లండన్ గెజెట్‌లో ప్రకటనలు వచ్చేవి. అంత మంచి సరుకు అన్నిసార్లు పట్టుబడటం చూసి, కొన్ని ఓడలు ముందే బేరం కుదుర్చుకుని పట్టుబడ్డాయని కొందరు చరిత్రకారులు అనుమానించారు. ఆ తరువాత ప్రధానమంత్రి అయిన రాబర్ట్ వాల్పోల్ తన ఇంటికి దొంగ వైన్ తెప్పించుకోవడానికి నౌకాదళ శాఖవారి పడవనే వాడుకున్నాడని ఆయన జీవితచరిత్రలో చదివినప్పుడు నాకు నవ్వు ఆగలేదు.

ఇక జెండా సంగతి. ఈ విద్య బాగా ముదిరింది నెపోలియన్ కాలంలో. బోర్డో వెళ్లదలచిన ఇంగ్లీషు వర్తకుడికి రెండు వైపులా చిక్కే. ఇంగ్లీషు ఓడ అని తెలిస్తే ఫ్రెంచివాళ్లు జప్తు చేస్తారు, రాజుగారి అనుమతి లేకుండా శత్రువుతో వర్తకం చేస్తే స్వదేశపు చట్టం ఊరుకోదు. అందువల్ల అతడు తన ఓడను ఎమ్డెన్ వంటి తటస్థ రేవులోని ఒక పౌరుడికి అమ్మినట్లు దస్తావేజు రాయించేవాడు. మన ఊళ్లలో భూమి ఒకరిదై పట్టా మరొకరి పేరున ఉండే బినామీ వ్యవహారం లాంటిదే ఇది: జెండా మారుతుంది, పేరుకు ఒక విదేశీ కెప్టెన్ వస్తాడు, లాభం మాత్రం లండన్‌లోని అసలు యజమానికే చేరుతుంది. జర్మనీ తీరంలోని పాపెన్‌బర్గ్, క్నిప్‌హౌజెన్ లాంటి చిన్నచిన్న చోట్ల జెండాలు కూడా ఆ రోజుల్లో సముద్రం మీద విరివిగా కనిపించేవి. ఆ కుగ్రామాలకు అన్ని ఓడలు ఎక్కడివని అడిగిన నౌకాధికారులు లేకపోలేదు.

గుడ్డముక్క మారితే చాలదు, కాగితాలే ప్రాణం. 1807 డిసెంబరులో నెపోలియన్ మిలాన్‌లో జారీచేసిన శాసనం ప్రకారం, ఇంగ్లీషువాళ్లు సోదా చేయడానికి ఒప్పుకున్న ఓడ ఏ దేశానిదైనా దాన్ని ఇంగ్లీషు ఓడగానే లెక్కగట్టి స్వాధీనం చేసుకోవచ్చు. కాబట్టి ఇంగ్లండు రేవు నుంచి బయలుదేరిన ఓడ తాను మరెక్కడినుంచో వస్తున్నట్లు చూపే పత్రాలు, రేవు అధికారుల ముద్రలు, సరుకు జాబితాలు సిద్ధం చేసుకుని వెళ్లేది. ఇంగ్లీషు యుద్ధనౌక ఎదురైతే చూపడానికి ఒక కట్ట, ఫ్రెంచి సుంకాధికారికి చూపడానికి మరో కట్ట. విదేశీ ముద్రలనూ సంతకాలనూ తయారుచేయడమే వృత్తిగా లివర్‌పూల్‌లో దుకాణం పెట్టినవాళ్లు వర్తకులకు పంపిన ఉత్తరాన్ని 1812లో హెన్రీ బ్రూమ్ అనే సభ్యుడు పార్లమెంటులో చదివి వినిపించాడు.

పట్టుబడిన ఓడల వ్యాజ్యాలు లండన్‌లోని నౌకా న్యాయస్థానానికి వెళ్లేవి. అక్కడ చాలాకాలం సర్ విలియం స్కాట్ న్యాయమూర్తిగా ఉన్నాడు. ఓడ సిబ్బందికి ముందే అచ్చువేసి ఉంచిన ప్రశ్నలు వేసేవారు: కెప్టెన్ ఎక్కడ పుట్టాడు, అతడి కాపురం ఎక్కడ, ఓడ ఎవరిది, ఏ జెండా మీద నడిచింది, వేరే జెండాలు ఉన్నాయా, కాగితాలేమైనా చించారా, కాల్చారా, సముద్రంలో పారేశారా? చివరి ప్రశ్నకు అవునని జవాబు వస్తే ఆ ఓడ గతి దాదాపు తేలిపోయినట్లే. ఒక్క విషయం మీకు స్పష్టంగా చెప్పాలి. శత్రువును ఏమార్చడానికి పరాయి జెండా ఎగరేయడం ఆనాటి యుద్ధనీతిలో తప్పు కాదు, ఫిరంగి పేల్చేముందు మాత్రం సొంత జెండా ఎత్తాలి. వర్తకుల విషయంలో న్యాయమూర్తి తేల్చవలసింది యజమాని నిజంగా ఎవరన్నదే.

అన్నిటికన్నా విచిత్రం లైసెన్సుల కథ. శత్రువుతో వర్తకం నేరమని శాసించిన ఇంగ్లండు ప్రభుత్వమే, ఫ్రెంచి జెండా తప్ప ఏ జెండా మీదనైనా వెళ్లి రావచ్చునంటూ అనుమతిపత్రాలు ఇచ్చింది. ఒక్క 1810లోనే అలాంటివి 18,000కు పైగా జారీ అయ్యాయి. ఖజానాకు సుంకం రావాలి, పంటలు దెబ్బతిన్నప్పుడు ధాన్యం రావాలి. ఇంగ్లండును ఆర్థికంగా ముట్టడించానని చెప్పుకున్న నెపోలియన్ కూడా తన రైతుల ధాన్యం, వైన్ అమ్ముడుపోవాలని అటునుంచి లైసెన్సులు ఇచ్చాడు. అందువల్ల ఒకే ఓడ ఇద్దరు శత్రువుల అనుమతితోనూ, ఆ ఇద్దరికీ చెందని మూడో దేశపు జెండాతోనూ, దొంగ చిరునామాతోనూ ప్రయాణం చేసేది.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది, సరుకు మాత్రం వేరు. తమిళ తీరంలోని తరంగంబాడి, బెంగాల్‌లోని శ్రీరాంపూర్ అప్పట్లో డెన్మార్క్ స్థావరాలు. ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగులు చాటుగా పోగేసిన సొమ్మును డేనిష్ ఓడల మీద ఐరోపాకు చేర్చుకునేవారు, యుద్ధకాలంలో ఆ తటస్థ జెండాకు గిరాకీ మరింత పెరిగింది. డెన్మార్క్‌తోనే వైరం వచ్చాక 1801లో ఒకసారి, 1808లో మరోసారి ఇంగ్లీషువాళ్లు ఆ రెండు ఊళ్లనూ ఆక్రమించుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది.

బోర్డో వైన్ మీది అదనపు సుంకం మాత్రం యుద్ధం ముగిశాక కూడా కొనసాగింది. పోర్చుగీసు, ఫ్రెంచి వైన్‌ల మీద సుంకాన్ని సమానం చేసింది 1831లోనే. తటస్థ దేశపు జెండా కింద ఉన్న శత్రువు సరుకును, యుద్ధసామగ్రి అయితే తప్ప, పట్టుకోరాదన్న నియమాన్ని ఇంగ్లండు, ఫ్రాన్సు, మరికొన్ని దేశాలు 1856లో పారిస్‌లో ఒప్పుకున్నాయి. ప్రభుత్వ అనుమతితో శత్రు ఓడలను దోచుకునే ప్రైవేటు ఓడల పద్ధతిని కూడా అదే పత్రంలో రద్దు చేశాయి.

ఇట్లు,
మీ తాతయ్య