ఎక్స్‌పార్టీ స్టేకి ఆయుష్షు ఎన్నాళ్లు?

"ఆరు నెలలు దాటింది కదండీ, స్టే పోయినట్టేగా?" కోర్టు మెట్ల దగ్గర ఇప్పటికీ వినిపించే ప్రశ్న ఇది. పోలేదు. ఆరు నెలల లెక్క 2018లో పుట్టి 2024లో పోయింది. అవతలివాళ్ల మాట వినకుండా ఇచ్చిన (ఎక్స్‌పార్టీ) ఉత్తర్వు ఎన్నాళ్లు నడవాలన్న తగువు మాత్రం చాలా పాతది.

ఇంజంక్షన్ (ఫలానా పని చేయొద్దనే కోర్టు ఉత్తర్వు) ఇచ్చేముందు రెండో పక్షానికి నోటీసు పంపాలన్నది 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39, రూల్ 3లోనే ఉంది. నోటీసు ముట్టేలోపు ఇల్లు కూలగొట్టేస్తారన్న భయం ఉంటే మినహాయింపు. ఆ మినహాయింపు మెల్లగా అలవాటైపోయింది. ముందు స్టే, తర్వాత వాయిదా మీద వాయిదా. స్టే తెచ్చుకున్నవాడికి కేసు తెమలకపోవడమే లాభం.

1976లో పార్లమెంటు రెండు వైపుల నుంచి దీన్ని పట్టుకుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో రూల్ 3ఎ చేర్చి, నోటీసు లేకుండా ఇచ్చిన ఇంజంక్షన్ పిటిషన్‌ను 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలనీ, కుదరకపోతే కారణం రాయాలనీ చెప్పింది. తేల్చకపోతే ఉత్తర్వు పోతుందని మాత్రం అనలేదు. ఎ. వెంకటసుబ్బయ్య నాయుడు కేసులో 2000లో సుప్రీంకోర్టు కూడా, 30 రోజులకు పరిమితం చేయనంత మాత్రాన ఉత్తర్వు చెల్లకుండా పోదంది. కాకపోతే కోర్టు ఆ రూల్‌ను పట్టించుకోకపోతే, పిటిషన్ పెండింగ్‌లో ఉండగానే అప్పీలుకు వెళ్లొచ్చని దారి చూపింది.

హైకోర్టు రిట్ల (ప్రభుత్వ చర్యల్లాంటి వాటి మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్ల) విషయంలో కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అదే 1976లో, ఎమర్జెన్సీలో వచ్చిన 42వ రాజ్యాంగ సవరణ, ఈ రిట్ల అధికారం ఇచ్చే 226వ అధికరణంలో గట్టి గడువు పెట్టింది. అవతలి పక్షాన్ని వినకుండా ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు, ఆలోపు వాళ్లకు కాగితాలిచ్చి, విని, కోర్టు దాన్ని కొనసాగిస్తే తప్ప 14 రోజులకు దానంతటదే ఆగిపోవాలి. ఎమర్జెన్సీ పోయాక జనతా ప్రభుత్వం 44వ సవరణతో దాన్ని మార్చింది. 1979 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న 226(3) ప్రకారం, నష్టపోయిన పక్షం స్టే వెకేట్ పిటిషన్ (స్టే తీసేయమని అడిగే పిటిషన్) వేసి, దాని కాపీ అవతలివాళ్లకు ఇవ్వాలి. కోర్టు రెండు వారాల్లో దాన్ని తేల్చకపోతే ఉత్తర్వు రద్దయినట్టే.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మునుపు గడియారం ఉత్తర్వు ఇచ్చిన రోజు నుంచి తిరిగేది, ఇప్పుడు పిటిషన్ వేస్తే గానీ తిరగదు. అంటే అడగనివాడికి గడువే లేదు. ఆ రెండు వారాలు తప్పనిసరా, కేవలం సూచనా అన్నదాని మీద హైకోర్టులు ఒక్క మాట మీద లేవు. దాంతో పిటిషన్ వేసినవాళ్లకూ టెన్షన్ తప్పదు.

2018 మార్చిలో ఏషియన్ రీసర్ఫేసింగ్ కేసులో, విచారణల మీద ఇచ్చిన ఏ స్టే అయినా పొడిగించకపోతే ఆరు నెలలకు ముగుస్తుందని ముగ్గురు జడ్జీల బెంచ్ చెప్పింది. ఏళ్లపాటు ఆగిపోయిన అవినీతి కేసులు కదలాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఇరుపక్షాలనూ విని ఇచ్చిన స్టేలు కూడా, కోర్టుకు తీరిక దొరక్కపోతే ఎగిరిపోయేవి. 2024 ఫిబ్రవరి 29న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. కోర్టు ఆలస్యానికి కక్షిదారుడు నష్టపోకూడదనీ, స్టే తెచ్చుకున్నవాడి మాట వినకుండా దాన్ని తీసేయడం సహజ న్యాయానికి విరుద్ధమనీ అంది. 226(3) గురించి కూడా మాట్లాడుతూ, అది అవతలివాళ్లను వినకుండా ఇచ్చిన ఉత్తర్వులకే వర్తిస్తుందని స్పష్టం చేసింది.

కాబట్టి ఇప్పుడు ముందు చూసుకోవాల్సింది ఉత్తర్వు కాపీలోని చివరి వాక్యం. "ఫలానా తేదీ వరకు" అని ఉంటే, ఆ రోజు పొడిగించకపోతే అది అక్కడితో సరి. "తదుపరి ఉత్తర్వుల వరకు" అని ఉంటే వెకేట్ పిటిషన్ వేయాల్సిందే. సివిల్ దావా వస్తుందని ముందే అనుమానం ఉన్నవాళ్లు కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే పెట్టే అర్జీ) వేసుకుంటారు. అదీ 1976 సవరణలో వచ్చిందే, 90 రోజులు పనిచేస్తుంది.